అమ్మానాన్నల్ని అమెరికా రప్పిస్తున్నారా? దిగాక మొదటి రెండు రాత్రుల జాగ్రత్తలు

ఈ సమ్మర్‌లో పేరెంట్స్‌ని రప్పించుకునేవాళ్ళు చాలామందే ఉంటారు కదా, ఇన్సూరెన్స్, వీల్‌చైర్, మందుల చీటీ అన్నీ చూసుకుంటారు గానీ దిగాక మొదటి రెండు రాత్రుల గురించి ఎవరూ ఆలోచించరు. 65 దాటి బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళ విషయంలో నాకైతే ఫ్లైట్ కన్నా ఆ రాత్రులే ఎక్కువ భయం. ఎందుకో తెలిస్తే సగం జాగ్రత్తలు మీకే తడతాయి.

కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరల్లో ప్రెషర్, బీపీ కొలిచే లెక్కలోనే, 80 నుంచి 90 దాకా ఉంటుంది. నడుస్తుంటే పిక్కల కండరాలు రక్తాన్ని పిండి పైకి తోస్తాయి కాబట్టి అదే ప్రెషర్ బాగా పడిపోతుంది. సీట్లో కాళ్ళు వేలాడేసి గంటలకొద్దీ కూర్చుంటే నిలబడ్డంత ప్రెషర్ ఉండదు గానీ ఆ పిండడం కూడా ఉండదు, సిరల్లోంచి నీరు ఊరి చుట్టూ కండలోకి చేరుతుంది, చెప్పులు బిగుసుకుపోతాయి, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటుంది. ఇంకోపక్క గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది కాబట్టి ఒంట్లో నీళ్ళు తక్కువయ్యాయేమో అన్నట్టు కిడ్నీలు ఉప్పునీ నీళ్ళనీ పట్టి ఉంచేస్తాయి.

ఇప్పుడు ఇంటికొచ్చి మంచమ్మీద వెల్లకిలా పడుకున్నారనుకోండి. కాళ్ళలో చేరిందంతా మెల్లగా రక్తంలోకి వచ్చి గుండె పైగదుల్ని నింపుతుంది, ఆ గోడలు సాగగానే ఏఎన్‌పీ అనే హార్మోన్ రిలీజ్ అవుతుంది. అవును, గుండె కూడా హార్మోన్ తయారుచేస్తుంది! 1981లో కెనడాలో డి బోల్డ్ అనే సైంటిస్టు, ఆయన టీమ్ కలిసి ఎలుకల గుండె పైగదుల నుంచి తీసిన సారాన్ని వేరే ఎలుకలకి ఎక్కిస్తే వాటికి యూరిన్, దాంతోపాటు ఉప్పు విపరీతంగా పోయాయి, అలా బయటపడింది ఈ సంగతి. ఏఎన్‌పీ వచ్చిందంటే కిడ్నీలు ఉప్పూ నీళ్ళూ వదిలేస్తాయి, రక్తనాళాలు కాస్త వదులవుతాయి. అందుకే రాత్రి ఒంటిగంటకోసారి, మూడింటికోసారి బాత్రూంకి లేవాల్సొస్తుంది. షుగర్ పెరిగిందేమో, ప్రోస్టేటేమో అని కంగారుపడతారు, అవి కూడా ఉండొచ్చు గానీ పగలంతా కాళ్ళలో నిలిచిన నీరు కూడా పెద్ద కారణమే.

అసలు ప్రమాదం ఆ లేవడంలో ఉంది. పడుకున్న మనిషి గబుక్కున నిలబడితే అరలీటరు పైనే రక్తం పొట్టలోకీ కాళ్ళలోకీ దిగిపోతుంది. వయసులో ఉన్నవాళ్ళకి క్షణాల్లో సర్దుకుంటుంది, పెద్దవాళ్ళకి బీపీ మాత్రలు, ప్రోస్టేట్‌కి వాడే టామ్సులోసిన్ లాంటివి, పైగా ఫ్లైట్‌లో నీళ్ళు తాగకపోవడం, అన్నీ కలిసి సర్దుకోవడం లేటవుతుంది, కళ్ళు తిరుగుతాయి. కొత్త ఇల్లు, చీకటి, లైటు స్విచ్ ఎక్కడుందో తెలీదు, పక్కనే మెట్లు. తుంటి విరిగితే ఆ వయసులో నెలలు పడుతుంది అండీ.

టికెట్ బుక్ చేసిన వారంలోనే ఇంట్లో మెషీన్‌తో ఒక టెస్ట్ చేయించండి. అయిదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడాలి, పక్కన ఒక మనిషి ఉండి నిలబెట్టి ఒక నిమిషానికీ మూడు నిమిషాలకీ మళ్ళీ చూడాలి. పై నంబర్ 20 గానీ కింది నంబర్ 10 గానీ పడిపోతే ప్రయాణానికి ముందే డాక్టర్‌కి చెప్పాలి. నీరు పోయే మాత్ర ఉంటే అది ఏ టైంకి వేసుకోవాలో, అక్కడి టైం ప్రకారం ఎలా మార్చాలో కూడా అప్పుడే రాయించుకోండి, సొంతంగా ఆపేయొద్దు. అమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర వాడేవాళ్ళలో కొందరికి మామూలుగానే కాళ్ళు వాస్తాయి, అదీ అడగండి. ఫ్లైట్‌లో కాళ్ళు వాయకుండా వేసుకునే బిగుతు సాక్సు (కంప్రెషన్ సాక్స్) మంచివే గానీ కాళ్ళకి రక్తం సరిగా అందని షుగర్ పేషెంట్లు డాక్టర్‌ని అడక్కుండా వేసుకోకూడదు.

ఫ్లైట్‌లో అమ్మలు చేసే పని ఒకటుంది, బాత్రూంకి లేవాల్సొస్తుందని నీళ్ళే తాగరు. నడవ పక్క సీటు తీసుకోండి, అప్పుడు మొహమాటం లేకుండా లేస్తారు, ఆ నడక పిక్కలకీ మంచిదే. కూర్చున్నప్పుడు మడమలు ఎత్తడం దించడం చేస్తుండాలి. ఆవకాయన్నం, కారప్పూస కట్టిస్తాం కదా, ఆ ఉప్పు మొత్తం నీటిని పట్టుకుని కాళ్ళలోనే కూర్చుంటుంది, ఆ రెండు రోజులూ తగ్గించండి.

ఇంటికి చేరాక నేరుగా మంచం ఎక్కించకండి, ఇదే ముఖ్యం. సాయంత్రం సోఫాలో వెనక్కి వాలి కాళ్ళు దిండ్ల మీద ఎత్తుగా పెట్టి గంటా రెండుగంటలు ఉంటే అర్ధరాత్రి పోవాల్సిన నీరు చాలావరకు మెలకువగా ఉన్నప్పుడే పోతుంది, ఆ తర్వాత పడుకోనివ్వండి. గుండె వీక్‌గా ఉందని డాక్టర్ చెప్పినవాళ్ళు మాత్రం కాళ్ళు ఎత్తే ముందు అడగాలి, ఆ నీరంతా ఒక్కసారి గుండె మీద పడితే ఆయాసం రావచ్చు. బిగుతు సాక్సు పడుకునేముందు తీసేయాలి.

రాత్రి లేచేటప్పుడు మంచం అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చుని, పాదాలు ఆడించి, అప్పుడు నిలబడాలి. దారిలో చిన్న లైటు వెలుగుతూనే ఉండాలి, మెట్లకి గేటు పెట్టండి. నాన్నగారు మొహమాటపడినా సరే, కూర్చునే యూరిన్‌కి వెళ్ళమనండి.

ఒక్క కాలే వాచి నొప్పిగా ఉంటే అది మామూలు వాపు కాకపోవచ్చు, సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, అదే రోజు చూపించండి. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చుంటే తగ్గుతోందన్నా, దిండ్లు ఒకటి చాలక రెండు మూడు అడుగుతున్నా, రెండు మూడు రోజుల్లో బరువు రెండు కిలోలు పెరిగినా గుండె తట్టుకోలేకపోతోందేమో చూడాలి. డాక్టర్లు అప్పుడు బీఎన్‌పీ అని రక్తపరీక్ష చేస్తారు, అదీ గుండె సాగినప్పుడు వచ్చే హార్మోనే. ఛాతీనొప్పి, ఉన్నట్టుండి ఊపిరాడకపోవడం అయితే ఇన్సూరెన్స్ కార్డు వెతుక్కుంటూ కూర్చోకుండా 911కి ఫోన్ చేసేయండి.