కొత్త టూ వీలర్ ఎంచుకోవడం, మూడో పాఠం: వెనక సీటు నుంచి చూద్దాం

కిందటి పాఠంలో ఇచ్చిన పని చేసుంటే, అంటే వారంలో ఎన్ని రోజులు ఒక్కరే ఆఫీసుకి వెళ్తారు, ఎన్నిసార్లు వెనక మనిషి ఉంటారు, సంచులు ఏపాటి ఉంటాయి అన్నది రాసుకుని ఉంటే, ఈపాటికి మీ దగ్గర రెండు మూడు బళ్ల పేర్లు మిగిలి ఉంటాయి. ఇక షోరూంకి బయల్దేరొచ్చు. కానీ ఒక్కరే వెళ్లకండి. రేపు మీ వెనక ఎవరు కూర్చుంటారో వాళ్లని వెంటబెట్టుకుని వెళ్లండి. ఇంటిల్లిపాదికీ పనికొచ్చే బండిని ఒక్కరే నడిపి చూసి కొనేస్తే సగమే చూసి కొన్నట్టు.

ముందు ఒక తీసివేత. స్పెసిఫికేషన్లలో కెర్బ్ వెయిట్ అని ఉంటుంది, అది పెట్రోలు, ఆయిల్ పోశాక బండి సొంత బరువు. మాన్యువల్‌లో బండి మోయగల గరిష్ఠ మొత్తం బరువు కూడా ఉంటుంది, కొన్నిట్లో మనుషులకీ సామానుకీ మిగిలేదాన్నే పేలోడ్ అని నేరుగా ఇచ్చేస్తారు. మొత్తం 270 కిలోలు, బండి 125 అనుకోండి, మిగిలేది 145. అందులో 80 కిలోల మనిషి, 60 కిలోల మనిషి ఎక్కితే ఇంకా 5 కిలోలే ఉన్నాయి, హెల్మెట్లూ సంచీ అన్నీ అందులోనే సర్దుకోవాలి. సీసీ ఎంత, మైలేజీ ఎంత అని అందరూ అడుగుతారు, ఈ అంకె మాత్రం ఎవరూ అడగరు. సేల్స్ వాళ్లకి తెలియకపోతే మాన్యువల్ తెప్పించుకుని మీరే చూడండి.

ఇప్పుడు స్టాండ్ తీసి మీరు కూర్చోండి, వెనక మనిషిని ఎక్కమనండి, దిగమనండి, మళ్లీ ఎక్కమనండి. వాళ్లు ఎక్కుతున్నప్పుడు బండి ఒక పక్కకి ఒరిగితే మీ కాలు ఆపగలుగుతుందా? సీటు ఎత్తు కాగితం మీద ఒకటే ఉన్నా, సీటు వెడల్పుగా ఉన్న బండి మీద కాలు నేలకి సరిగ్గా అందదు, అందుకే మిల్లీమీటర్లు చూసి తేల్చెయ్యకండి. వెనక వాళ్ల మోకాళ్లు మరీ పైకి మడుచుకుపోతున్నాయా, పట్టుకోడానికి చేతికి కడ్డీ అందుతోందా, సీటు ముందుకి వాలి ఉందా చూడండి. వాలి ఉంటే బ్రేకు వేసిన ప్రతిసారీ వాళ్లు మీ వీపు మీదకి జారుతూనే ఉంటారు. పది నిమిషాలు అలాగే కూర్చోబెట్టండి. నడుము నొప్పి రెండు నిమిషాల్లో బయటపడదు.

ఇద్దరూ కూర్చున్నప్పుడు బండి వెనక భాగం కిందికి దిగుతుంది, ముందు చక్రం మీద బరువు తగ్గి హ్యాండిల్ తేలికవుతుంది, రాత్రిపూట హెడ్‌లైట్ వెలుగు పైకి లేచి ఎదుటివాళ్ల కళ్లల్లో పడుతుంది. చాలా బళ్లలో వెనక షాక్ అబ్జార్బర్ స్ప్రింగు దగ్గర మెట్లు మెట్లుగా ఉన్న రింగు ఒకటి ఉంటుంది, దాన్ని స్పానర్‌తో తిప్పితే స్ప్రింగు బిగుసుకుని బండి అంతగా దిగకుండా ఉంటుంది. ఎన్ని మెట్లున్నాయో అడిగి, ఎలా తిప్పాలో మీ ఎదురుగా చేసి చూపించమనండి.

టెస్ట్ రైడ్ కూడా ఇద్దరితోనే. మూడో గేరులో 25 కిలోమీటర్ల వేగం దగ్గర యాక్సిలరేటర్ మెల్లగా తిప్పండి. బండి జర్క్ ఇవ్వకుండా, ఇంజన్ టకటకలాడకుండా ముందుకి లాగితే ట్రాఫిక్‌లో మీకు సుఖం, లేదంటే ప్రతి మలుపులో రెండో గేరుకి దిగాల్సిందే. 125 సీసీ బళ్లలో చాలావాటికి టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, 10, 11 న్యూటన్ మీటర్ల దగ్గరే ఉంటుంది కాబట్టి ఆ అంకె కన్నా అది ఎంత ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర వస్తుందో చూడండి. తక్కువ ఆర్‌పీఎంలో వచ్చేదే ఊళ్లో పనికొస్తుంది. ఎక్కువ ఎత్తుపల్లాలున్న దారిలో రోజూ ఇద్దరు తిరిగేట్టయితే మాత్రం 150, 160 సీసీ వైపు వెళ్లండి, అక్కడ మైలేజీ కోసం వెనకాడొద్దు.

బ్రేకుల దగ్గర అస్సలు రాజీపడకండి. వేగం రెండింతలైతే బ్రేకు పట్టాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. సీబీఎస్, అంటే రెండు బ్రేకుల్నీ కలిపే ఏర్పాటు, ఉంటే మామూలుగా వెనక బ్రేకు ఒక్కటే నొక్కినా రెండు చక్రాలకీ పడుతుంది, కానీ తడి రోడ్డు మీద చక్రం బిగుసుకుని జారకుండా ఆపేది ఏబీఎస్. సింగిల్ చానల్ అంటే అది ముందు చక్రానికి మాత్రమే.

పిల్లల సంగతి. పాదాలు ఫుట్‌రెస్ట్‌కి అందని పిల్లల్ని వెనక కూర్చోబెట్టొద్దు, ట్యాంకు మీద అసలే వద్దు. నలుగురం కలిసి వెళ్లాలి, దానికి ఏ బండి బాగుంటుంది అని అడిగితే అలాంటి టూ వీలర్ లేదనే చెప్తాను, ఆ రోజుకి బస్సో ఆటోనో చూసుకోండి.

వచ్చే పాఠం లోపు చేయాల్సింది: చూసిన ఒక్కో బండికి ఒక్కో కాగితం తీసుకుని, మొదట వెనక సీట్లో కూర్చున్నవాళ్లు ఏమన్నారో వాళ్ల మాటల్లోనే రాయండి, మీ మాట దాని కింద రాయండి. నాలుగో పాఠంలో టైర్లు, డెలివరీ రోజు చూసుకోవాల్సినవి.