సేక్రెడ్ గేమ్స్: ముందు సిరీస్, తర్వాత నవల, పక్కన ఒక నోటుపుస్తకం

మొదటి సీజన్‌లో ఎనిమిది ఎపిసోడ్లున్న పోలీసు సిరీస్, దానికి మూలమైన దాదాపు తొమ్మిది వందల పేజీల నవల. రెండూ అందుబాటులో ఉన్నప్పుడు ఏది ముందు? మామూలుగా పుస్తకమే ముందంటారు. సేక్రెడ్ గేమ్స్ విషయంలో నేను ఒప్పుకోను. ముందు సిరీస్ మొదటి సీజన్ చూడండి. ఆ తర్వాతే విక్రమ్ చంద్ర 2006లో ప్రచురించిన నవల పట్టుకోండి. పుస్తకం చదివి సిరీస్ చూసేవాళ్లు ‘అందులో ఇలా లేదే’ అని సణుక్కుంటూనే కూర్చుంటారు. సిరీస్ చూసి పుస్తకానికి వచ్చేవాళ్లకు ఆ బెంగ ఉండదు. ముఖాలు తెలుసు, ఊరు తెలుసు, ఇక తీరిగ్గా చదువుకోవచ్చు.

నేను మేజిస్ట్రేటు కోర్టులో గుమాస్తాగా పంచనామాలు, రిమాండు రిపోర్టులు సర్దుతూ ఉద్యోగం చేసినవాణ్ణి. పోలీసు కథ దొరికితే నా కళ్లు తుపాకుల మీదికి పోవు. కాగితం ఎవరు రాశారు, సంతకం ఎవరితో పెట్టించారు, డబ్బు ఏ చేతి నుంచి ఏ చేతికి మారింది, ఇవే చూస్తాను. ఇక్కడ చెప్పే పద్ధతి ఆ అలవాటులోంచి వచ్చిందే.

నోటుపుస్తకంలో ఒక పేజీ తీసుకుని మధ్యలో నిలువుగీత గీయండి. ఎడమవైపు ఇన్‌స్పెక్టర్ సర్తాజ్ సింగ్, కుడివైపు గ్యాంగ్‌స్టర్ గణేశ్ గాయితొండే. మొదటి సీజన్‌ను ఇద్దరు దర్శకులు ఇలాగే పంచుకున్నారు: సర్తాజ్ భాగం విక్రమాదిత్య మోత్వానీది, గాయితొండే భాగం అనురాగ్ కశ్యప్‌ది. ఒకటి నేటి ముంబయి, రెండోది గ్యాంగ్‌స్టర్ గతం. రోజుకు ఒక ఎపిసోడ్ చాలు. హిందీలోనే పెట్టుకుని, కింద అక్షరాలు చూసుకుంటూ వెళ్లండి. పిల్లలు తిరిగే హాల్లో మాత్రం పెట్టవద్దు. బూతులకూ నెత్తురుకూ పడకగది దృశ్యాలకూ కొదవ లేదు.

ఎపిసోడ్ పేర్లు రాసుకోవడం మరవకండి. అశ్వత్థామ, హాలాహల, ఆతాపి వాతాపి ఇలా సాగుతాయి. ‘జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం’ అని అమ్మ పొట్ట నిమురుతుంటే నిద్రపోయిన మనవాళ్లకు ఆ మూడో పేరు విప్పి చెప్పనక్కర్లేదు. అతిథి కడుపులోకి ఆహారంగా వెళ్లి, చీల్చుకుని బయటికొచ్చే రాక్షసుడు గుర్తుంటే చాలు, ఆ ఎపిసోడ్‌లో ఎవరిని నమ్మకూడదో మీరే పసిగడతారు.

సీజన్ పూర్తయ్యాక రెండు రోజులు ఆగి నవల తెరవండి. మొదటి వాక్యంలోనే తెల్లటి పొమెరేనియన్ కుక్క ఒకటి అయిదో అంతస్తు కిటికీలోంచి ఎగిరి కింద పడుతుంది. సిరీస్ కూడా ఆ కుక్కతోనే మొదలవుతుంది. ఇక్కడ పుస్తకం మూసి, మొదటి ఎపిసోడ్‌లో ఆ కాసేపు మళ్లీ చూడండి. తెర మీద కుక్క పడుతుంటే వెనక గాయితొండే గొంతు దేవుణ్ణి నమ్ముతావా అని అడుగుతుంది. అంటే కథ అప్పుడే అతని చేతిలోకి పోయింది. నవలలో అది ఒట్టి మొగుడూ పెళ్లాల గొడవ. సర్తాజ్ వెళ్లి సర్దిచెప్పి రావాల్సిన రోజువారీ తలనొప్పి. ఆ ఇల్లాలే తర్వాత బ్లాక్‌మెయిల్ ఫిర్యాదుతో అతని దగ్గరికి వస్తుంది. ఆ చిన్న కేసు పెద్ద కేసు పక్కనే చాలా దూరం నడుస్తుంది. స్టేషను అంటే ఎలా ఉంటుందో తెలిసినవాడు రాసిన కథ అది. నా ఓటు నవలకే.

ఇక అసలు పని. నోటుపుస్తకంలో కొత్త పేజీకి ‘డబ్బు’ అని పేరు పెట్టండి. తెర మీద సర్తాజ్ నిజాయితీపరుడు. పై అధికారి పరూల్కర్ చేసిన ఎన్‌కౌంటర్ విషయంలో దొంగ సాక్ష్యం చెప్పమంటే నలిగిపోతాడు. నవలలో సర్తాజ్ మామూళ్లు తీసుకుంటాడు. డాన్స్ బార్ యజమానితో ముందే మాట్లాడుకుని దాడి చేస్తాడు. పరూల్కర్ తాలూకు నల్లడబ్బును, దాన్ని దాచిపెట్టే మనిషికి తానే స్వయంగా చేరవేస్తాడు. అలాంటి చోటల్లా పేజీ సంఖ్య, ఎవరు ఇచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు అని ఒక్క ముక్క రాసుకోండి. సగానికి వచ్చేసరికి మీ దగ్గర చిన్నపాటి చిట్టా తయారవుతుంది. అది చూశాక కూడా ఈ మనిషి మీద మీకు ఇష్టం తగ్గదు, చూడండి! ఎనిమిది ఎపిసోడ్లలో పరుగెత్తించాల్సిన కథకు గాయితొండేకు ఎదురుగా మచ్చలేని పోలీసు కావాల్సి వచ్చాడని నా అనుమానం.

గడువు కూడా అంతే. సిరీస్‌లో గాయితొండేనే సర్తాజ్‌కు ఫోను చేసి, ఊరిని కాపాడుకోవడానికి ఇరవై అయిదు రోజులే ఉన్నాయని బెదిరిస్తాడు. నవలలో పేరు చెప్పని ఎవరో పొద్దున్నే ఫోను చేసి, గాయితొండే కావాలా అని మెల్లగా అడుగుతారు. గడియారం లేదు కాబట్టి మీరూ తొందరపడవద్దు.

నవల మధ్యలో అసలు కథను ఆపి వేరేవాళ్ల కథ చెప్పే ‘ఇన్‌సెట్’ అనే అధ్యాయాలు అడ్డం వస్తాయి. విసుగొచ్చి దాటేసేవాళ్లు చాలామంది. దాటితే దాటండి గాని, సర్తాజ్ తల్లి దేశ విభజన నాటి బాల్యం చెప్పే ఇన్‌సెట్‌ను మాత్రం వదలకండి.

2019 ఆగస్టు 15న వచ్చిన రెండో సీజన్‌ను నవల అయిపోయాకే చూడండి. అందులో సర్తాజ్ భాగం నీరజ్ ఘేవాన్ తీశారు. అంత పుస్తకం పట్టే ఓపిక ఇప్పుడే లేదంటే విక్రమ్ చంద్ర 1997 కథల సంపుటిలో ‘కామ’ అనే కథ చదవండి. నవలకు ముందే సర్తాజ్ అందులో ఉన్నాడు, విడాకుల కాగితాల మీద సంతకం పెట్టలేక తిరుగుతూ.