టీవీకి వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ కలపడం ఎలా: మాటకీ పెదవికీ పొంతన కుదిరేలా

హెడ్‌ఫోన్స్‌ని టీవీకి జత చేయడం రెండు నిమిషాల పని. అది అందరూ చేస్తారు. చేశాక సెట్‌టాప్ బాక్స్‌లో సీరియల్ పెడతారు, అత్తగారు నోరు మూసేశాక మాట వినిపిస్తుంది. వారం తిరక్కుండా హెడ్‌ఫోన్స్ డబ్బాలోకి పోతాయి, టీవీ వాల్యూమ్ మళ్లీ నలభైకి ఎక్కుతుంది. "బ్లూటూత్ అంటే ఇంతే" అని తీర్పు కూడా ఇచ్చేస్తారు. తప్పు బ్లూటూత్‌ది కాదు. మన హెడ్‌ఫోన్స్ ఎంత ఆలస్యం చేస్తాయో, శబ్దాన్ని ఏ సాకెట్ నుంచి లాగుతున్నామో ఒకదానికొకటి సరిచూసుకోకపోవడమే అసలు కారణం.

ముందు: మీరు చూసేది యాపా, బాక్సా?

టీవీలోనే ఉన్న యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ లాంటి యాప్‌లే చూస్తారా? అయితే టీవీలో ఉన్న బ్లూటూత్ చాలు, ఇంకేమీ కొనకండి. యాప్ దగ్గర రాబోయే బొమ్మ ముందే దిగి ఉంటుంది. హెడ్‌ఫోన్స్ ఆలస్యాన్ని లెక్కేసుకుని బొమ్మని కూడా ఆ మేరకు ఆపే వీలుంది, చాలా యాప్‌లు ఆ పని చేస్తాయి.

డీటీహెచ్ బాక్సు, కేబుల్ బాక్సు అలా కాదు. హెచ్‌డీఎంఐ తీగలో వస్తున్న బొమ్మని టీవీ హెడ్‌ఫోన్స్ కోసం ఆపి ఉంచదు. శబ్దం మాత్రం బ్లూటూత్ చుట్టు తిరిగి నింపాదిగా వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు చూసేవి ఎక్కువగా వార్తలు, సీరియళ్లు, క్రికెట్. అవన్నీ ఈ బాక్సులోంచే వస్తాయి.

ఫైర్ టీవీ స్టిక్‌కి హెడ్‌ఫోన్స్ జత చేసి, ఆ తర్వాత సెట్‌టాప్ బాక్స్ ఇన్‌పుట్‌కి మారి "సౌండ్ రావట్లేదు" అనేవాళ్లు చాలామంది. స్టిక్ తన శబ్దాన్నే పంపుతుంది. పక్క సాకెట్‌లో ఉన్న బాక్సు శబ్దం దానికి తెలియదు.

టీవీలోనే బ్లూటూత్ ఉంటే

ఫోన్‌లో బ్లూటూత్ ఆపండి. లేకపోతే హెడ్‌ఫోన్స్ ఆన్ చేయగానే పాత అలవాటు కొద్దీ ఫోన్‌కే వెళ్లి అతుక్కుంటాయి. తర్వాత హెడ్‌ఫోన్స్ పవర్ బటన్‌ని లైటు గబగబా మిణుకుమనే దాకా నొక్కి పట్టుకోండి. బడ్స్ అయితే కేస్ మీద ఉన్న బటన్ నొక్కాలి. కేస్‌కి బటన్ లేని మోడల్‌కి వేరే పద్ధతి ఉంటుంది, దానితో వచ్చిన కాగితం చూడండి.

శాంసంగ్‌లో సౌండ్, సౌండ్ అవుట్‌పుట్, బ్లూటూత్ స్పీకర్ లిస్ట్. ఎల్‌జీలో సౌండ్, సౌండ్ అవుట్, బ్లూటూత్. గూగుల్ టీవీ, ఆండ్రాయిడ్ టీవీల్లో రిమోట్స్ అండ్ యాక్సెసరీస్. మోడల్‌ని బట్టి పేర్లు కొంచెం అటూ ఇటూ ఉంటాయి. లిస్టులో హెడ్‌ఫోన్స్ పేరు కనిపించగానే నొక్కండి, అంతే.

టీవీ డబ్బా మీద బ్లూటూత్ అని రాసినంత మాత్రాన శబ్దం పంపుతుందని కాదు. కొన్ని టీవీల్లో అది రిమోట్ కోసమే. సౌండ్ అవుట్‌పుట్ మెనూలో బ్లూటూత్ మాట లేకపోతే ఆ టీవీకి ఆ పని రాదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వస్తుందేమో అని ఎదురుచూడకండి.

బాక్సు చూసేవాళ్లకి కావలసినవి

ఒక బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ (తీగలో వచ్చిన శబ్దాన్ని బ్లూటూత్‌లో హెడ్‌ఫోన్స్‌కి పంపే చిన్న పరికరం), ఒక కేబుల్. ట్రాన్స్‌మిటర్‌కి ఆప్టికల్ (వెలుగు రూపంలో శబ్దం తెచ్చే తీగకి), 3.5 ఎంఎం (మామూలు ఇయర్‌ఫోన్ పిన్నుకి) రెండు ఇన్‌పుట్లూ ఉండాలి. ఒక్కటే ఉన్నది చవకగా వచ్చినా వద్దు, ఎందుకో కింద తెలుస్తుంది. చాలా ట్రాన్స్‌మిటర్లకి పక్కన టీఎక్స్, ఆర్‌ఎక్స్ అని చిన్న మీట ఉంటుంది. శబ్దం పంపడానికి టీఎక్స్ వైపు ఉంచాలి. ఆప్టికల్, ఆక్స్ (అంటే 3.5 ఎంఎం) మధ్య ఇంకో మీట కూడా ఉంటే, ఏ కేబుల్ పెట్టారో దాని వైపు జరపాలి. "కొత్తది పనిచేయట్లేదు" అని వాపసు పంపేముందు ఈ రెండు మీటలూ ఒకసారి చూడండి.

శబ్దం ఎక్కడి నుంచి తీయాలి

మొత్తం వ్యవహారంలో ఓపిక పెట్టాల్సిన చోటు ఇదే.

టీవీ వెనక పసుపు, తెలుపు, ఎరుపు రంధ్రాలు చూసి ట్రాన్స్‌మిటర్ కేబుల్ అందులో పెట్టేస్తారు. మన దగ్గర దొరికే టీవీల్లో అవి దాదాపు ఎప్పుడూ ఏవీ ఇన్, అంటే శబ్దం లోపలికి వెళ్లే దారి. బయటికి ఏమీ రాదు. టీవీలోంచి శబ్దం బయటికి వచ్చేవి ప్రధానంగా రెండు: చిన్న మూత ఉన్న చదరపు ఆప్టికల్ సాకెట్, 3.5 ఎంఎం హెడ్‌ఫోన్ జాక్. ఇది కాక మూడో దారి ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు: సెట్‌టాప్ బాక్స్ వెనక ఉన్న ఏవీ అవుట్.

వీటిలో ఏది వాడాలో నిర్ణయించేది మీ హెడ్‌ఫోన్స్. కాస్త లెక్క చూద్దాం.

మామూలు బ్లూటూత్‌లో అన్ని హెడ్‌ఫోన్స్‌కీ వచ్చే కోడెక్ (శబ్దాన్ని కుదించి పంపే పద్ధతి) ఎస్‌బీసీ. దానితో శబ్దం సుమారు 150 నుంచి 250 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. "ఆప్ట్‌ఎక్స్ లో లేటెన్సీ" (లో లేటెన్సీ అంటే తక్కువ ఆలస్యం) అనే కోడెక్‌తో అయితే ఆలస్యం 40 దగ్గర ఆగుతుంది. ప్రసారాల విషయంలో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ చెప్పిన హద్దు ఇది: శబ్దం బొమ్మ కంటే 125 మిల్లీసెకన్లు వెనకబడితే, లేదా 45 మిల్లీసెకన్లు ముందుకొస్తే చూసేవాళ్లు పసిగడతారు. వెనకబడితే కొంత ఓర్చుకుంటాం, ముందుకొస్తే వెంటనే దొరికిపోతుంది. దూరపు శబ్దం ఆలస్యంగా చేరడం మనకి అలవాటే, కనిపించకముందే వినిపించడం అలవాటు లేదు.

ఇంకో సంగతి. టీవీ బొమ్మని కూడా వెంటనే చూపించదు. రంగులు దిద్ది, కదలికలు నున్నగా చేసి చూపించేసరికి మామూలు పిక్చర్ మోడ్‌లో చాలా టీవీలకి 50 నుంచి 100 మిల్లీసెకన్లు పడుతుంది. తన స్పీకర్ శబ్దాన్ని కూడా ఆ మేరకు ఆపి పంపుతుంది కాబట్టి మనకి తేడా తెలియదు.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. ఎస్‌బీసీ హెడ్‌ఫోన్స్‌ని టీవీ జాక్ నుంచి నడిపితే, అప్పటికే ఆగి వచ్చిన శబ్దం మీద 200 అదనం. పొంతన పోతుంది. అదే శబ్దాన్ని సెట్‌టాప్ బాక్స్ ఏవీ అవుట్ నుంచి నేరుగా తీస్తే, బొమ్మ టీవీలో 80 ఆగుతుంది, శబ్దం ట్రాన్స్‌మిటర్‌లో 200 ఆగుతుంది. తేడా 120. హద్దు లోపలే ఉన్నాం, హెడ్‌ఫోన్స్ మార్చకుండానే.

ఆప్ట్‌ఎక్స్ లో లేటెన్సీ జత ఉన్నవాళ్లు ఇదే పని చేస్తే బెడిసికొడుతుంది. శబ్దం 40, బొమ్మ 100. మాట 60 ముందు పరిగెడుతుంది, పెదవి కదలకముందే వినిపిస్తుంది. వాళ్లు టీవీ ఆప్టికల్ నుంచే తీయాలి.

కాబట్టి నియమం ఇది: మామూలు హెడ్‌ఫోన్స్‌కి బాక్సు ఏవీ అవుట్, లో లేటెన్సీ జతకి టీవీ ఆప్టికల్. షాపులో "ఆప్టికలే బెస్ట్ సార్" అంటే నమ్మకండి, చాలా ఇళ్లకి అది వర్తించదు.

లో లేటెన్సీ పనిచేయాలంటే ట్రాన్స్‌మిటర్‌లోనూ, హెడ్‌ఫోన్స్‌లోనూ అదే కోడెక్ ఉండాలి. ఒక వైపే ఉంటే రెండూ సర్దుకుని ఎస్‌బీసీకి దిగిపోతాయి. ఎవరూ హెచ్చరించరు. కొన్ని ట్రాన్స్‌మిటర్లలో ఏ కోడెక్ నడుస్తోందో లైటు రంగు చెబుతుంది. ఎల్‌డ్యాక్ అనే ఇంకో కోడెక్ ఉందని మురిసిపోవద్దు. అది నాణ్యత కోసం, వేగం కోసం కాదు. మామూలు ఆప్ట్‌ఎక్స్ అని మాత్రమే రాసి ఉంటే అది లో లేటెన్సీ కాదు. మన దగ్గర బడ్స్‌లో కనిపించే గేమింగ్ మోడ్ వేరే దారి. బడ్స్ తమలో దాచుకునే శబ్దం నిల్వని తగ్గించి ఆలస్యం తగ్గిస్తాయి. వేసి చూడండి, పనికొస్తుంది. కానీ నిల్వ తక్కువైతే సిగ్నల్ కాస్త తడబడినా మాట తెగుతుంది.

బాక్సు ఏవీ అవుట్‌తో

ఒక చివర 3.5 ఎంఎం, ఇంకో చివర తెలుపు, ఎరుపు ప్లగ్గులున్న కేబుల్ తీసుకోండి. ప్లగ్గులు బాక్సు వెనక అవే రంగుల్లో, 3.5 చివర ట్రాన్స్‌మిటర్‌లో. హెచ్‌డీఎంఐ కేబుల్ పీకకండి. చాలా బాక్సుల్లో రెండు అవుట్‌పుట్లూ ఒకేసారి పనిచేస్తాయి.

కొత్త చిన్న బాక్సులకి రంగు రంధ్రాల బదులు ఏవీ అని రాసిన ఒకే గుండ్రటి జాక్ ఉంటుంది. దానికి మూడు రంగుల రంధ్రాలున్న ప్రత్యేక కేబుల్ కావాలి, పై కేబుల్ తెలుపు, ఎరుపు ప్లగ్గులు అందులో పెట్టాలి. ఆ కేబుళ్లలో లోపలి అమరిక అన్నిటికీ ఒకటి కాదు. ఒక చెవిలో మాట, ఇంకో చెవిలో జుయ్‌మని మోత వస్తోందంటే, ఆ తీగలో శబ్దం కాదు, బొమ్మ సిగ్నల్ వస్తోందన్నమాట. మోత వచ్చే ప్లగ్గు తీసి పసుపు రంధ్రంలో పెట్టండి, సరిపోతుంది.

బాక్సు ఆడియో సెట్టింగ్ డాల్బీలో ఉంటే స్టీరియో లేదా పీసీఎంకి (డాల్బీలా కుదించకుండా పంపే మామూలు శబ్దం) మార్చండి.

ఈ పద్ధతిలో ఇంకో లాభం ఉంది. టీవీ రిమోట్‌తో మ్యూట్ చేసినా హెడ్‌ఫోన్స్‌లో శబ్దం ఆగదు. తాతగారికి చెవిలో గట్టిగా, హాల్లో మిగతావాళ్లకి మెల్లగా, ఎవరి వాల్యూమ్ వాళ్లది. టీవీ హెడ్‌ఫోన్ జాక్‌లో ప్లగ్గు పెడితే చాలా టీవీల్లో స్పీకర్ మూగబోతుంది, ఇంటిల్లిపాదీ మూకీ సినిమా చూడాలి.

టీవీ ఆప్టికల్‌తో

కొత్త కేబుల్ రెండు కొసలకీ కనపడీ కనపడని ప్లాస్టిక్ తొడుగులుంటాయి, తీసేయండి. ప్లగ్గు ఒక వైపు చదునుగా, ఒక వైపు మూలలు కోసినట్టు ఉంటుంది. సాకెట్ ఆకారం చూసి పెట్టి, టక్‌మనే దాకా నొక్కండి. టీవీ ఆన్‌లో ఉన్నప్పుడు రెండో కొసలో ఎర్రటి వెలుగు కనిపించాలి. కేబుల్‌ని గోడ మూలలో మడత పెట్టి నొక్కేయకండి. లోపల ఉన్నది రాగి కాదు, వెలుగు వెళ్లే సన్నని పోగు.

ఇప్పుడు పీసీఎం. శాంసంగ్‌లో సౌండ్, ఎక్స్‌పర్ట్ సెట్టింగ్స్, డిజిటల్ అవుట్‌పుట్ ఆడియో ఫార్మాట్. మిగతా టీవీల్లో డిజిటల్ సౌండ్ అవుట్, డిజిటల్ ఆడియో అవుట్ లాంటి పేర్లు. ఆటో, డాల్బీ, బిట్‌స్ట్రీమ్, పాస్‌త్రూ ఏది ఉన్నా మార్చి పీసీఎం పెట్టండి. మామూలు ట్రాన్స్‌మిటర్లకి డాల్బీని విప్పడం రాదు, అందుకే నిశ్శబ్దమో గరగరో వస్తుంది. కొన్ని ఛానళ్లకి శబ్దం వచ్చి కొన్నిటికి రాకపోతే కారణం నూటికి తొంభై పాళ్లు ఇదే. అక్కడే డిజిటల్ ఆడియో డిలే ఉంటే సున్నాకి దించండి. ఆ సెట్టింగ్ శబ్దాన్ని ఇంకా వెనక్కి నెట్టగలదే కానీ ముందుకు లాగలేదు.

ఆప్టికల్‌లో టీవీ రిమోట్ వాల్యూమ్ సాధారణంగా పనిచేయదు. హెడ్‌ఫోన్స్ మీద బటన్లతోనే పెంచుకోవాలి.

జత చేసి, పరీక్షించడం

ట్రాన్స్‌మిటర్‌కి తెర ఉండదు, అందుకే దగ్గర్లో జత కోసం ఎదురుచూస్తున్నది ఏది దొరికితే దానికి కలిసిపోతుంది. ఇంట్లో మిగతా బడ్స్ కేసుల్లో పెట్టి మూసేయండి. ఫోన్ బ్లూటూత్ ఆపండి. హెడ్‌ఫోన్స్, ట్రాన్స్‌మిటర్ రెండూ మీటరు దూరంలోపు పెట్టి, రెండింటినీ జత మోడ్‌లో ఉంచండి. అర నిమిషం ఆగండి. ఒకసారి కలిశాక రెండూ గుర్తుపెట్టుకుంటాయి.

పరీక్షకి డబ్బింగ్ సినిమా పెట్టకండి. అందులో పెదవులు ఎలాగూ కలవవు. స్టూడియోలో కూర్చుని వార్తలు చదివేవాళ్ల ముఖం దగ్గరగా చూడండి. ప, బ, మ పలకాలంటే పెదవులు మూసి తెరవాల్సిందే. ప్రభుత్వం, ముఖ్యమంత్రి, పోలీసులు: వార్తల్లో ఇవి నిమిషానికోసారి వస్తాయి. పెదవి విడివడే క్షణానికీ చెవిలో పడే క్షణానికీ తేడా ఇక్కడ దాగదు.

ఏవీ అవుట్‌తో మాట ఇంకా వెనకబడుతుంటే, టీవీలో గేమ్ మోడ్ ఉందేమో చూసి ఆపేయండి. అది బొమ్మని త్వరగా చూపిస్తుంది, మనకి కావలసింది దానికి ఉల్టా. కదలికల్ని నున్నగా చేసే మోషన్ సెట్టింగ్ ఆపేసి ఉంటే ఆన్ చేయండి. మాటే ముందు వస్తుంటే గేమ్ మోడ్ వేయండి.

తెగుతుంటే

ట్రాన్స్‌మిటర్ టీవీ వెనక లోహపు రేకుకి ఆనుకుని ఉంటే సిగ్నల్ అటే చస్తుంది. డబుల్ సైడ్ టేపుతో టీవీ కింది అంచుకో, పక్కకో అంటించండి. వైఫై రౌటర్ పక్కన వద్దు. బ్లూటూత్ వాడేదీ, పాత వైఫై వాడేదీ ఒకటే 2.4 గిగాహెర్ట్జ్. వీలైతే టీవీని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చండి. నీలం నాలుక ఉన్న యూఎస్‌బీ 3.0 సాకెట్, అందులో పెట్టిన హార్డ్ డిస్క్ కూడా అదే తరంగాల్లో రొద పుట్టిస్తాయి, వాటికి దూరంగా ఉంచండి.

ట్రాన్స్‌మిటర్‌కి కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచే ఇవ్వండి. చాలా టీవీల్లో టీవీతో పాటే వెలిగి టీవీతో పాటే ఆరిపోతుంది, రోజూ ఎవరూ నొక్కక్కర్లేదు. ఆప్టికల్ వాడినా, ఏవీ అవుట్ వాడినా ఇదే. ఏవీ అవుట్ వాడేటప్పుడు హెడ్‌ఫోన్స్‌లో సన్నగా గుంయ్‌మని వస్తే మాత్రం, ఆ యూఎస్‌బీ తీసి ఫోన్ ఛార్జర్‌కి పెట్టి చూడండి. రెండు పరికరాల నేల తీగలు కలవడం వల్ల వచ్చే మోత అది, ఛార్జర్‌తో పోతుంది.