పగడాల తొట్టెలో నాచు – 4వ పాఠం: సున్నా చూపించే పరీక్ష

గత పాఠంలో పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టెలో పెరిగేవాటిని గుర్తుపట్టడం నేర్చుకున్నాం. గాజు మీద గోధుమరంగు పొడిలా పేరుకునేవి డయాటమ్‌లు. ఇసుక మీద ఎర్రగా పరుచుకుని, కదిపితే పొరలుగా ఊడివచ్చేది సయనోబాక్టీరియా. అది అసలు నాచే కాదు. ఈ పాఠమంతా రాళ్ల మీద పచ్చగా వెంట్రుకల్లా పెరిగే నాచు గురించే. చాలామందికి ఈ వ్యాపకం మీద విరక్తి పుట్టించేది ఇదే కాబట్టి నెమ్మదిగా చెబుతాను.

ముందు ఒక చిక్కుముడి విప్పుదాం. రాయి నిండా నాచు కనిపిస్తోంది, నీటిని పరీక్షిస్తే నాచుకు మేతయిన ఫాస్ఫేట్ సున్నా. కిట్ పాడైందని అనుకుంటారు. చాలాసార్లు అది బాగానే ఉంటుంది. నీటిలోకి వచ్చిన ఫాస్ఫేట్‌ను వచ్చింది వచ్చినట్టే నాచు పీల్చేసుకుంటోంది. పరీక్ష చెప్పేది నీటిలో ఎంత మిగిలిందో మాత్రమే. తొట్టెలోకి ఎంత వచ్చిందో అది చెప్పలేదు. అందుకే అంకెకంటే ముందు నాచును నమ్మండి.

ఆ ఫాస్ఫేట్ వచ్చేది ప్రధానంగా మేత నుంచి. గడ్డకట్టిన మేతను కరిగించి, ఆ నీటిని తొట్టెలో పోయకుండా సన్నని జల్లెడలో వడకట్టి వేయండి. తర్వాతిది మీరు పోసే నీరు: నీటిని వడపోసి శుద్ధిచేసే ఆర్.ఓ.-డి.ఐ. యంత్రం నుంచి వచ్చే నీటిలో టి.డి.ఎస్. మీటరు (నీటిలో కరిగిన పదార్థాలను కొలిచేది) సున్నా చూపాలి, లేకుంటే యంత్రంలోని రెజిన్ (శుద్ధిచేసే గుళికలు) మార్చాలి. ఇక చాలామందికి తట్టనిది రాయి. కాల్షియం కార్బోనేట్‌తో ఏర్పడిన ఆ రాయి ఫాస్ఫేట్‌ను తనలో పట్టి ఉంచుకుని, నీటిలో తగ్గినప్పుడల్లా కొంచెం కొంచెంగా వదులుతుంది. మేత తగ్గించినా నెలల తరబడి నాచు లొంగకపోవడానికి తరచు ఇదే కారణం.

అందుకే చేత్తో పీకడాన్ని చిన్న పనిగా చూడవద్దు. నాచు ఒంట్లో చేరిన ఫాస్ఫేట్ దానితోపాటే బయటికి పోతుంది. ఏ మందూ ఇంత సూటిగా పనిచేయదు. నీరు మార్చే రోజునే ఈ పని పెట్టుకోండి. సైఫన్ గొట్టం చివర పాత టూత్‌బ్రష్ కట్టి, రుద్దుతూనే పీల్చేయండి. కుచ్చును కొసల దగ్గర లాగితే తెగుతుంది. మొదలు దగ్గర వేళ్లతో గట్టిగా పట్టి మెలితిప్పితే చాలావరకు ఊడివస్తుంది. చేతిలోకి వచ్చిన కుచ్చును విడదీసి చూడండి: మధ్యలో గోధుమరంగు మడ్డి చిక్కుకుని ఉంటుంది. అది కుళ్లుతూ ఆ నాచునే మేపుతోంది. రాయి బయటికి తీయగలిగితే, తొట్టె నుంచి తీసిన పాత నీటి బకెట్‌లోనే రుద్దండి. మంచినీటిలో కడిగితే రాతిలోని మేలుచేసే బాక్టీరియా చచ్చిపోతుంది.

నత్తల వంతు ఆ తర్వాతే. టర్బో నత్తలు పొట్టి నాచును చక్కగా గీకి తింటాయి, పొడవాటి కుచ్చుల జోలికి అంతగా పోవు. ముందు మీరు కోయాలి, తర్వాత అవి మేయాలి. నాచు కోసమని చిన్న తొట్టెలో నాచు తినే టాంగ్ చేపను వేయడం మాత్రం నాకు సమ్మతం కాదు. దానికి ఈదడానికి చోటు కావాలి.

ఇంకో హెచ్చరిక. కసికొద్దీ ఫాస్ఫేట్‌ను పట్టేసే ఇనుప ఆక్సైడ్ గుళికలు కుమ్మరించి ఫాస్ఫేట్‌ను పూర్తిగా తుడిచిపెట్టవద్దు. పగడాలకూ, వాటి కణజాలంలో బతికే సూక్ష్మ శైవలాలకూ అది కావాలి. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ అడుగంటితే పగడాలు పాలిపోతాయి, ఆ ఖాళీలోకి డైనోఫ్లాజెల్లేట్‌లు అనే సూక్ష్మజీవులు దిగుతాయి. వాటితో పోలిస్తే వెంట్రుక నాచు ఎంతో నయం. ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం (పది లక్షల్లో వంతులు), నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం మధ్య ఉంటే ఎక్కువ తొట్టెలకు సరిపోతుంది.

ఈ వారం అభ్యాసం: అన్నిటికంటే ఎక్కువ నాచు పట్టిన ఒక్క రాయిని ఎంచుకుని పైన చెప్పినట్టు శుభ్రం చేయండి. ఆ రోజూ, వారం తర్వాత అదే వేళకూ ఫాస్ఫేట్ పరీక్షించి రాసుకోండి. సున్నా కాస్తా 0.04కో 0.05కో పెరిగితే కంగారుపడవద్దు. పీల్చుకునే నాచు తగ్గడం వల్ల కూడా అలా జరుగుతుంది. ఆ అంకెలను దగ్గర పెట్టుకోండి. పక్క తొట్టెలో కీటోమార్ఫా అనే నాచును పెంచే 5వ పాఠంలో వాటితో పని ఉంది.