భీమిలి నుంచి బారువ దాకా: పదవీ విరమణ తర్వాత దంపతులు గుడారంతో చేయదగిన తీరప్రయాణం

విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం జిల్లాలోని బారువ వరకు జాతీయ రహదారి మీద దూరం 200 కిలోమీటర్లకు కొంచెం పైనే ఉంటుంది. ఉద్యోగంలో ఉన్నవారు దీన్ని ఒక్కరోజులో చుట్టి వస్తారు. పదవీ విరమణ చేసిన దంపతులు మాత్రం దీన్ని వారం రోజుల ప్రయాణంగా మలచుకోవచ్చు, మలచుకోవాలి కూడా. బయలుదేరే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. భీమిలి దాటాక సముద్రాన్ని ఆనుకొని ఏకధాటిగా సాగే రోడ్డు లేదు. భీమిలి దగ్గర గోస్తని, కోనాడ దగ్గర చంపావతి, శ్రీకాకుళానికి దిగువన నాగావళి, కళింగపట్నం దగ్గర వంశధార, బారువ దగ్గర మహేంద్రతనయ సముద్రంలో కలుస్తాయి కనుక, ప్రతి ఊరికీ 16వ నంబరు జాతీయ రహదారి మీది నుంచి తీరానికి దిగి, మళ్లీ అదే రహదారికి ఎక్కాల్సి వస్తుంది. పటంలో పక్కపక్కనే కనిపించే రెండు ఊళ్ల మధ్య గంటకు పైగా పట్టడానికి కారణం ఇదే.

కాలం విషయంలో రాజీ పడకూడదు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖను తాకింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతంలో తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలమట్టం చేసింది. కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల వరకు ఈ తీరంలో గుడారం ఊసే వద్దు. సంక్రాంతి రద్దీ తగ్గాక, ఎండలు ముదరకముందు, అంటే జనవరి చివరి నుంచి మార్చి మొదటి వారం లోపు వెళ్లడం మేలు. అప్పుడైనా ప్రతి సాయంత్రం వాతావరణ శాఖ సూచనలతో పాటు హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ విడుదల చేసే అలల హెచ్చరికలను కూడా చూసుకోవాలి. ఓడరేవులో ఈదురుగాలుల ముప్పును తెలిపే మూడో నంబరు హెచ్చరిక ఎగురవేశారని తెలిస్తే, ఆకాశం ఎంత తేటగా ఉన్నా, గుడారం ఎత్తేసి శ్రీకాకుళంలో గది తీసుకోవాలి.

ఈ ప్రయాణంలో రోజు గడియారాన్ని బట్టి కాక గాలిని బట్టి నడవాలి. ఎండెక్కేకొద్దీ నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది కనుక, పొద్దెక్కిన దగ్గర నుంచి సముద్రపు గాలి మొదలై మధ్యాహ్నానికి బలపడి, చీకటి పడ్డాక నెమ్మదిస్తుంది. అందుచేత నడక, వంట, చేపల వలలు ఒడ్డుకు చేరే వేళ చూడడం వంటివన్నీ ఉదయమే ముగించాలి. గుడారం కూడా మధ్యాహ్నపు గాలి ఊపందుకోకముందే నిలబెట్టాలి. ఎగిరిపోతున్న గుడ్డను పట్టుకొని ఇద్దరు పెద్దవాళ్లు పెనుగులాడడం నడుముకూ మంచిది కాదు, మాటల సఖ్యతకూ మంచిది కాదు.

గుడారంతో పాటు వచ్చే సన్నని మేకులు ఇసుకలో నిలవవు. ఆరేడు బలమైన గుడ్డ సంచులు తీసుకెళ్లి, వాటిని తడి ఇసుకతో నింపి, మూతిని తాడుతో బిగించి, మోకాలి లోతు గోతిలో పాతిపెట్టి, పైన ఇసుక పోసి కాలితో తొక్కాలి. అప్పుడు ఆ తాడును గుడారం మూలకు కట్టి లాగి చూడాలి. సంచి కదిలితే గొయ్యి ఇంకా లోతు కావాలని అర్థం. గుడారం వాకిలి గాలికి ఎదురుగా ఉండకూడదు. గాలి వచ్చే వైపున కారును అడ్డంగా నిలిపితే సగం జోరు అక్కడే ఆగిపోతుంది. అయితే కారును గట్టి నేల దాటించి ఇసుకలోకి దింపవద్దు. కారు తలుపు తెరిచేటప్పుడు రెండో చేత్తో అంచు పట్టుకోవడం అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే ఎదురుగాలి తలుపును విసిరికొడితే వేళ్లు నలుగుతాయి.

చోటు ఎంపికలో సరుగుడు తోట మంచి అండ. కొన్ని తోటలు అటవీశాఖవి, కొన్ని ప్రైవేటువి; ఎవరివైనా అనుమతి అడిగిన తర్వాతే దిగాలి. ఎండు కొమ్మల కిందా, కొబ్బరి చెట్ల కిందా పడుకోకూడదు. రాలిన సరుగుడు ఆకు క్షణంలో అంటుకుంటుంది గనుక స్టవ్వును తోట బయట, కారు చాటున మాత్రమే వెలిగించాలి. గుడారం లోపల ఎప్పుడూ వెలిగించకూడదు. ఒడ్డున నాచు, చెత్త పేరుకున్న గీత పోటు ఎంతవరకు వచ్చిందో చెబుతుంది. ఆ గీతకు చాలా ఎగువన ఉండాలి, అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఇంకాస్త ఎగువన ఉండాలి. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్లు ప్రశాంతంగా కనిపించినా దిగవద్దు. ఈ నెలల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. వెలుగు చూస్తే అవి వెనుదిరుగుతాయి కాబట్టి రాత్రిళ్లు ఒడ్డు మీద టార్చిలైటు వేయకుండా ఉండడం మన కనీస బాధ్యత.

నేల మీద పడుకొని లేవడం మోకాళ్ల నొప్పి ఉన్నవారికి కష్టం. మడత మంచాలు పట్టేంత గుడారం కొనుక్కోవాలి గానీ, నిలువెత్తు గుడారం గాలికి ఆగదు. ఒక రాత్రి గుడారంలో, మరుసటి రాత్రి గదిలో గడిపే పద్ధతే నాకు అన్నిటికంటే నచ్చినది. స్నానం, బట్టలు, నిద్ర, ఫోన్ ఛార్జింగ్ అన్నీ సర్దుకుంటాయి. మందులు రెండు సంచుల్లో, రెండు చోట్ల పెట్టుకోవాలి. ఇన్సులిన్‌ను ఎండలో నిలిపిన కారులో వదలకూడదు. తీరపు బావుల నీళ్లు కొన్నిచోట్ల ఉప్పగా ఉంటాయి కాబట్టి తాగునీరు పట్టణాల్లోనే నింపుకోవాలి. రాత్రి బస ఎక్కడో పిల్లలకు మెసేజ్ పెట్టడంతో పాటు, కళింగపట్నం, బారువ లాంటి చోట్ల మెరైన్ పోలీసులకు కూడా ఒక మాట చెప్పి ఉంచడం మంచిది.

గాలి మరీ ఎక్కువగా ఉన్న మధ్యాహ్నాలను లోపలి దారులకు కేటాయించుకోవాలి. భీమిలిలో డచ్చివారి సమాధులు, శ్రీకాకుళం పక్కన అరసవల్లి, శ్రీకూర్మం, కళింగపట్నానికి వెళ్లే దారిలో వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ స్తూపాలు, టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఉన్నాయి. శాలిహుండం కొండెక్కాలి కనుక దాన్ని ఎండ తగ్గాక పెట్టుకోవాలి.

ఇంటికి చేరిన రోజే కారు అడుగుభాగాన్ని మంచినీళ్లతో కడిగించాలి. గుడారం జిప్పుల్లో చేరిన ఉప్పును తడిగుడ్డతో తుడిచి, నీడలో పూర్తిగా ఆరిన తర్వాతే మడతపెట్టాలి.