పీఎం కిసాన్ పైసలు ఆగితే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

పక్కింటాయనకు రెండు వేలు పడ్డాయి, మనకు పడలేదు. ఏఈవోను (వ్యవసాయ విస్తరణ అధికారిని) అడిగితే స్టేటస్ చూసుకోమంటారు. బ్యాంకులో అడిగితే పైనుంచే రాలేదంటారు. తహసీల్దార్ ఆఫీసుకు పోతే అది వ్యవసాయ శాఖ పని అంటారు. ముగ్గురిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. ఎవరి చేతిలో ఉన్న పని వరకే వాళ్లు చెబుతున్నారు.

పైసలు ఇచ్చేది, నిబంధనలు పెట్టేది కేంద్ర వ్యవసాయ, రైతు సంక్షేమ మంత్రిత్వ శాఖ. 2019 ఫిబ్రవరి 24న మొదలైన ఈ పథకంలో ఏడాదికి రూ.6,000, నాలుగు నెలలకోసారి రూ.2,000 చొప్పున వస్తుంది. ఖర్చంతా కేంద్రానిదే. అయితే ఫలానా మనిషి రైతేనా, ఆయన పేరున భూమి ఉందా అని ధ్రువీకరించేది రాష్ట్రం. ఢిల్లీలో కూర్చున్న ఏ అధికారీ మీ సర్వే నంబరు దిద్దలేడు. ఆ పని మండలంలోనే జరగాలి.

ముందు చేయాల్సింది

పీఎం కిసాన్ వెబ్‌సైటులో ‘నో యువర్ స్టేటస్’ (Know Your Status) తెరిచి రిజిస్ట్రేషన్ నంబరు కొట్టండి. నంబరు గుర్తులేకపోతే అదే పేజీలో ఫోన్ నంబరుతోగానీ ఆధార్‌తోగానీ వెతుక్కోవచ్చు. వివరాల్లో మూడు వరుసలు చూడాలి: ల్యాండ్ సీడింగ్ (భూమి రికార్డు జతచేయడం), ఈ-కేవైసీ (ఆధార్‌తో మనిషిని ధ్రువీకరించడం), ఆధార్-బ్యాంక్ సీడింగ్ (ఆధార్‌కు బ్యాంకు ఖాతా జతచేయడం). వీటిలో ఏది ‘నో’ (No) అని ఉందో అదే మీ జబ్బు. దాన్ని ప్రింటు తీసుకోండి, లేదా ఫోన్‌లో స్క్రీన్‌షాట్ పెట్టుకోండి. అది లేకుండా ఏ ఆఫీసు మెట్లెక్కినా మళ్లీ రేపు రమ్మంటారు.

ఈ-కేవైసీ ‘నో’ అని ఉంటే

పాలమూరు వైపు ఎక్కువగా కనిపించేది ఇదే. ముంబై, పుణె పనులకు పోయినవాళ్లు సిమ్ మార్చేస్తారు, ఆధార్‌కు పాత నంబరే ఉంటుంది, ఓటీపీ దానికి పోతుంది. నంబరు మార్పించుకోవడానికి ఊరికి రానక్కర్లేదు. దేశంలో ఏ ఆధార్ కేంద్రంలోనైనా చేస్తారు, మనిషి మాత్రం స్వయంగా పోవాలి. ఫోన్ నంబరు ఒక్కటే మార్చడానికి వేరే కాగితాలు అడగరు. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు సేవ ఉన్నచోట పోస్ట్‌మ్యాన్ కూడా ఈ పని చేస్తారు.

ఓటీపీ కుదరకపోతే కామన్ సర్వీస్ సెంటరులో వేలిముద్ర వేయాలి. పత్తి ఏరినవాళ్లకు, సిమెంటు పని చేసినవాళ్లకు, ముసలివాళ్లకు గీతలు అరిగిపోయి మిషన్ పట్టదు. చేతులు కడిగి, పూర్తిగా ఆరాక వేరే వేళ్లతో ప్రయత్నించండి. అయినా పట్టకపోతే పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించి చేసే పద్ధతి ఉంది. దానికి ‘ఆధార్ ఫేస్ ఆర్డీ’ అనే రెండో యాప్ కూడా ఫోన్‌లో ఉండాలి. ఇది లేకనే చాలామందికి కెమెరా తెరుచుకోదు. వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోవాలి, వెనక కిటికీ ఉండకూడదు. కళ్లద్దాలు, తలపాగా తీసేసి, చెప్పినప్పుడు కన్ను ఆర్పితే చాలు.

మూడూ ‘ఎస్’ ఉన్నా బ్యాంకు పుస్తకంలో పైసలు లేకపోతే

పైసలు ఎక్కువసార్లు పడే ఉంటాయి, మీరు చూస్తున్న ఖాతాలో కాదు. కేంద్రం డబ్బును ఆధార్ నంబరు మీద పంపుతుంది. ఆ ఆధార్‌కు చివరగా ఏ బ్యాంకు జతపడిందో దాంట్లోకే పోతుంది. సిమ్ తీసుకునేటప్పుడో, గ్యాస్ కనెక్షన్‌కో వేలు పెట్టించుకొని తెరిచిన పేమెంట్స్ బ్యాంకు ఖాతా ఒకటి ఉందని చాలామందికి తెలియను కూడా తెలియదు.

మై ఆధార్ పోర్టల్‌లో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ చూస్తే బ్యాంకు పేరు వస్తుంది. చిన్న ఫోన్ అయితే *99*99*1# డయల్ చేసి ఆధార్ నంబరు కొట్టినా చెబుతుంది. వేరే బ్యాంకు పేరు కనిపిస్తే ముందు అక్కడి పైసలు తీసుకోండి. తర్వాత మీకు కావాల్సిన బ్యాంకులో ఆధార్ సీడింగ్ సమ్మతి పత్రం ఇవ్వండి. ఆధార్-బ్యాంక్ సీడింగ్ ‘నో’ అని ఉన్నా ఇవ్వాల్సింది ఈ పత్రమే.

కౌంటర్లో ‘మీ ఆధార్ లింకయ్యే ఉంది’ అంటారు. కేవైసీ కోసం ఖాతాకు ఆధార్ ఎక్కించడం వేరు, ప్రభుత్వ పైసలు దిగేలా ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) మ్యాప్ చేయడం వేరు. మొదటిది ఉండి రెండోది లేని ఖాతాలు ఎన్నో. కాబట్టి ‘లింకయిందా’ అని కాకుండా ‘ఎన్‌పీసీఐ మ్యాపింగ్ మా ఖాతాకే యాక్టివ్‌గా ఉందా’ అని అడగాలి. పత్రం ఇచ్చిన కొన్ని రోజులకు మళ్లీ అదే నంబరు డయల్ చేసి చూసుకోండి.

ల్యాండ్ సీడింగ్ ‘నో’ అని ఉంటే

తొందరగా తెగనిది ఇదే, ఎందుకంటే కారణాలు చాలా.

పేరు తేడా: పాస్‌బుక్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. లేదా పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తింటిపేరు ఎక్కుతుంది, పాస్‌బుక్‌లో పుట్టింటిపేరే మిగులుతుంది. రెండు జిరాక్సులు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఆధార్‌లో ఉంటే ఆధార్ కేంద్రం, పాస్‌బుక్‌లో ఉంటే భూభారతి (తెలంగాణ భూ రికార్డుల పోర్టల్) ద్వారా తహసీల్దార్. ఏఈవో ఈ రెండింటిలో ఏదీ మార్చలేరు. రికార్డు సరయ్యాక సీడింగ్ చేయడం వరకే ఆయన పని.

ఊరి తేడా: హైదరాబాద్‌లో ఉంటూ దేవరకొండ దగ్గర భూమి ఉన్నవాళ్లు కొందరు ఉంటున్నచోటే రిజిస్ట్రేషన్ చేసుకున్నారు. భూమి ఉన్న ఊరి రికార్డుతోనే సరిపోలుస్తారు. నారాయణపేట వైపు ఇంకో మెలిక ఉంది. అది 2019 ఫిబ్రవరి 17న జిల్లా అయింది, పథకం మొదలైంది సరిగ్గా వారానికి. స్టేటస్‌లో పాత జిల్లా, పాత మండలం కనిపిస్తే భూమి ఉన్న క్లస్టర్ ఏఈవోతో దిద్దించండి.

పట్టాదారు చనిపోతే ఆ పేరు మీద వచ్చేవి ఆగిపోతాయి, వారసులకు వాటంతట అవే మారవు. ముందు ఫౌతి (పట్టా వారసుల పేరు మీదికి మార్చడం) చేయించుకుని కొత్త పాస్‌బుక్ తెచ్చుకోవాలి, ఆ తర్వాత వారసుడు కొత్త రైతుగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఈలోగా పడిన కిస్తీలను చనిపోయినవాళ్ల ఏటీఎం కార్డుతో తీస్తే తర్వాత రికవరీకి వస్తారు.

2019 ఫిబ్రవరి 1 తర్వాత కొన్న భూమి: నిబంధనల ప్రకారం ఆ తేదీ నాటికి భూమి ఉన్నవాళ్లే అర్హులు. ఆ తర్వాత వారసత్వంగా వచ్చిన భూమికి మాత్రం మినహాయింపు ఉంది. రాష్ట్రం ఇచ్చే రైతుబంధు, రైతు భరోసా ఇలాంటి తేదీ చూడలేదు కాబట్టి ‘దానికి పడ్డాయి, దీనికెందుకు పడవు’ అన్న ప్రశ్న సహజమే. జవాబు మాత్రం ఇదే, దీనికి మండలంలో మందు లేదు. సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం ఒప్పందం) మీద కొని పాస్‌బుక్ రానివాళ్లకు, కౌలు రైతులకు కూడా ఈ పథకం వర్తించదు. దున్నేవాడికి కాకుండా పట్టా ఉన్నవాడికి ఇవ్వడం ఈ పథకంలో ఉన్న అసలు లోపం. అది ఏఈవోతో కొట్లాడి తేల్చుకునేది కాదు. అటవీ హక్కుల పట్టా ఉన్న నల్లమల చెంచులు మాత్రం అర్హులే.

మొన్నటిదాకా వచ్చి ఉన్నట్టుండి ఆగితే

భార్యాభర్తలిద్దరికీ పడుతున్నాయేమో చూడండి. భర్త, భార్య, మైనర్ పిల్లలు కలిపి ఒకటే కుటుంబం, ఒక్కరికే వస్తుంది. 2025లో మంత్రిత్వ శాఖ ఇలాంటివాళ్లను, 2019 తర్వాత భూమి వచ్చినవాళ్లను గుర్తించి, స్వయంగా విచారణ జరిగేదాకా కిస్తీలు ఆపింది. భార్యాభర్తల్లో ఒకరు స్వచ్ఛందంగా వదులుకోవాలి. తండ్రీ కొడుకులకు వేర్వేరు పాస్‌బుక్‌లుండి, కొడుకు మేజరైతే ఆ ఆధారాలతో ఏఈవో దగ్గరికి పోవాలి.

రెండో కారణం ఆదాయపు పన్ను. గత మదింపు సంవత్సరంలో పన్ను కట్టినవాళ్లు అనర్హులు. లోను కోసం రిటర్న్ వేసి, కట్టాల్సిన పన్ను సున్నా వచ్చినవాళ్లు ఆ నిబంధన కిందికి రారు. పేరు పొరపాటున ఆ జాబితాలో పడితే, పన్ను సున్నా అని చూపే రిటర్న్ కాపీతో మండల వ్యవసాయాధికారికి దరఖాస్తు ఇచ్చి రశీదు తీసుకోండి. నెలకు పదివేలు, ఆపైన పింఛను వచ్చే రిటైర్డ్ ఉద్యోగులకు, నాలుగో తరగతి వారు తప్ప, మొదటినుంచీ లేదు.

స్టేటస్‌లో అర్థంకాని మాటలుంటే

‘ఆర్‌ఎఫ్‌టీ సైన్డ్ బై స్టేట్’ అంటే రాష్ట్రం మీ పేరు ఒప్పుకుని పైసలు పంపమని అడిగింది. ‘ఎఫ్‌టీవో జనరేటెడ్’ అంటే చెల్లింపు ఆర్డర్ తయారైంది, బ్యాంకు నుంచి ఖరారు కావాలి. ఈ రెండింటికీ ఏ ఆఫీసుకూ పోనక్కర్లేదు, ఆగాలి. ఆమోదం రాష్ట్రం దగ్గరో మండలం దగ్గరో పెండింగ్ అని ఉంటే మాత్రం ఏఈవోను, ఏవోను (మండల వ్యవసాయాధికారిని) కదిలించాల్సిందే.

కేంద్ర వ్యవసాయ శాఖది కాని పనులు

రైతు భరోసా, రైతు బీమా, రుణమాఫీ రాష్ట్రానివి. వీటి మీద ఢిల్లీకి రాస్తే కాగితం తిరిగి హైదరాబాద్‌కే వస్తుంది.

యూరియా దొరకకపోతే: ఏ సీజన్‌కు ఎంత కావాలో లెక్క కట్టేది వ్యవసాయ మంత్రిత్వ శాఖే, సరఫరా చేసేది మాత్రం రసాయనాలు, ఎరువుల మంత్రిత్వ శాఖ. 45 కిలోల బస్తా రూ.266.50కి మించి అమ్మితే, వేరే మందు కొంటేనే ఇస్తామంటే బిల్లుతో మండల వ్యవసాయాధికారికి ఫిర్యాదు చేయాలి. లైసెన్సు రద్దయ్యేది జిల్లాలోనే.

పత్తి కొనకపోతే: మద్దతు ధర సిఫార్సు చేసే కమిషన్ వ్యవసాయ శాఖది, కొనే సీసీఐ (భారత పత్తి సంస్థ) జౌళి శాఖది. తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర, 12 దాకా కోత, దాటితే వాపస్. నల్గొండ వైపు పొద్దున మంచుతో ఏరిన పత్తిని అదేరోజు బండికెత్తితే గేటు దగ్గరే తిరిగిరావడం ఖాయం. రెండు రోజులు ఎండకు పల్చగా ఆరబోసి తీసుకెళ్లండి. 2025లో వచ్చిన కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ కూడా ముందే బుక్ చేసుకోవాలి.

వడ్లకు హద్దు 17 శాతం తేమ. కొనుగోలు కేంద్రం, తరుగు, బస్తాల పంచాయితీ పౌర సరఫరాలది.

పంట రుణానికి ఏడు శాతం వడ్డీ వేశారంటే అది పొరపాటు కాకపోవచ్చు. రూ.3 లక్షల లోపు పంట రుణం ఏడు శాతానికే ఇస్తారు. గడువులోపు కడితే కేంద్రం మరో మూడు శాతం భరిస్తుంది, మనకు నాలుగే పడుతుంది. మాఫీ వస్తుందని రెన్యువల్ చేయించకుండా కూర్చున్న ఖాతాల్లో ఆ మూడు శాతం పోయింది. గడువు తేదీ పాస్‌బుక్ మీద రాయించుకోండి.

గొర్రెలు, పాడి పశువులు 2019 నుంచి వేరే మంత్రిత్వ శాఖ కింద ఉన్నాయి.

ఎక్కడా తెగకపోతే

వరుస ఇది: రైతు వేదికలో ఏఈవో, మండలంలో ఏవో, జిల్లా వ్యవసాయాధికారి, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి. తర్వాతే పీఎం కిసాన్ హెల్ప్‌లైన్ 155261, చివరగా కేంద్రం ఫిర్యాదులు తీసుకునే సీపీగ్రామ్స్ పోర్టల్. అక్కడ 21 రోజుల్లో తేల్చాలని 2024లో నిబంధన పెట్టారు. ‘పైసలు రావట్లేదు’ అని రాస్తే ‘అర్హత లేదు’ అని ఒక్క వాక్యంతో మూసేస్తారు. రిజిస్ట్రేషన్ నంబరు, ‘నో’ అన్న వరుస, ఏ తేదీన ఏ ఆఫీసులో ఏ కాగితం ఇచ్చారు, రశీదు నంబరు రాయండి. ఫలానా కిస్తీ నుంచి ఆగిందని కూడా పెట్టండి.

వాట్సాప్‌లో ‘పీఎం కిసాన్’ పేరుతో ఏపీకే ఫైల్ (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేది) వస్తే నొక్కకండి. అప్పటికే నొక్కి ఉంటే వెంటనే డేటా ఆపి, వేరే ఫోన్ నుంచి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి, తర్వాత బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతా ఆపించండి.