మిగిలిన ఊలుతో చిన్న చిన్న బొమ్మలు అల్లడం ఎలా?

విశాఖలో స్వెట్టర్ వేసుకునే రోజులు తక్కువే. అయినా అల్లిక తెలిసినవాళ్ల ఇంట్లో అలమారా పై అరలో ఒక ఊలు సంచి ఉండే తీరుతుంది. అరకు, లంబసింగి ప్రయాణాలకు అల్లిన టోపీల్లో మిగిలింది, పాపాయి మేజోళ్లకు కొన్నదాంట్లో సగం ఉండ, ఎవరో ఇచ్చిన పసుపు రంగు కాస్త. పెద్ద వస్తువుకి ఏదీ చాలదు. బొమ్మలకైతే అన్నీ పనికొస్తాయి.

ఇక్కడ చెప్పేవన్నీ రెండు సూదుల మీద బల్లపరుపుగా అల్లేవే. అల్లికలో మొదట నేర్చుకునే మామూలు కుట్టు, అదే నిట్ కుట్టు, ఒక్కటి వస్తే చాలు. అన్ని వరసలూ నిట్ వేసుకుంటూ పోతే వచ్చేదే గార్టర్ అల్లిక. పర్ల్ (తిరగేసి అల్లే కుట్టు) రాదని, నాలుగు సూదుల మీద గుండ్రంగా అల్లడం రాదని టెన్షన్ పడొద్దు. ముక్కను ఎలా మడిచాం, ఎలా కుట్టాం, ముఖం ఎక్కడ పెట్టాం అన్నదాంట్లోనే బొమ్మ తయారవుతుంది.

ముందు ఊలు సర్దుకోండి

సంచి మొత్తం నేల మీద పోసి మందాన్ని బట్టి వేరు చేయండి. రంగులు తర్వాత చూసుకోవచ్చు. సన్నదీ లావుదీ ఒకే ముక్కలో కలిపితే ఒక పక్క బిగుసుకుపోయి, ఇంకో పక్క ఉబ్బుతుంది. సన్న ఊలు మరీ ఎక్కువగా ఉంటే రెండు పోగులు కలిపి ఒకటిగా అల్లేయండి. రెండు వేర్వేరు రంగులైతే ఇంకా బాగుంటుంది.

మామూలు మందం ఊలుకు 10 నంబరు సూదులు తీసుకోండి, అంటే 3.25 మిల్లీమీటర్లవి. మన షాపుల్లో దొరికే పాత నంబర్లలో అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: 8 నంబరు 4 మిల్లీమీటర్లు, 12 నంబరు 2.75. బొమ్మలకు ఎప్పుడూ ఊలుకు సరిపడే సూది కంటే ఒక సైజు సన్నది వాడాలి. అల్లిక వదులుగా ఉంటే కుట్ల సందుల్లోంచి లోపలి దూది కనిపిస్తుంది. ఒకసారి కనిపించాక దాన్ని దాచడం కష్టం.

మన ఊరి ఉక్కపోతకు ఒక మాట. ఏప్రిల్, మే నెలల్లో చేతులు చెమటపట్టి ఊలు సూదికి అంటుకుంటుంది, వరస ముందుకు కదలదు. పొద్దున్నే గాని, రాత్రి ఫ్యాన్ కింద గాని కూర్చోండి. సముద్రపు గాలికి ఇనుప సూదులు తుప్పు పడతాయి, తుప్పు మరక లేత రంగు ఊలు మీద పడితే పోదు. అల్యూమినియం సూదులో, వెదురు సూదులో నయం.

లోపల కూరడానికి దిండ్లలో వాడే పాలిస్టర్ దూది మంచిది. మామూలు దూది తేమ పీల్చుకుని ఉండలు కడుతుంది, ఉతికితే ఆరదు. కత్తిరించిన ఊలు కొసలు కూడా కూరొచ్చు గాని, ముదురు రంగు బొమ్మల్లోనే. తెల్ల బొమ్మలో నల్ల కొస పెడితే బయటికి నీడలా తెలుస్తుంది.

మొదటిది: సంక్రాంతి గాలిపటం

కొత్తవాళ్లు దీంతోనే మొదలుపెట్టండి. కూరడం లేదు, ముఖం లేదు, గంటలో అయిపోతుంది.

2 కుట్లు ఎక్కించండి. ప్రతి వరసలోనూ మొదటి కుట్టులో ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి అల్లి రెండు కుట్లు చేయండి, మిగతావి మామూలుగా నిట్. ఇలా వరసకొకటి పెరుగుతూ 20 కుట్లు అయ్యేదాకా వెళ్లండి. అక్కడి నుంచి ప్రతి వరస మొదట్లో రెండు కుట్లు కలిపి ఒకటిగా అల్లుతూ మళ్లీ 2 కుట్లకు దిగి మూసేయండి. చేతిలో సరైన గాలిపటం ఆకారం ఉంటుంది. సగంలో రంగు మారిస్తే రెండు రంగుల పటం. మూడు పోగులు జడలా అల్లి తోక కట్టండి, దానికి చిన్న చిన్న ఊలు ముడులు వేయండి.

ఊలు సరిపోతుందో లేదో అన్న బెంగ ఈ ఆకారానికి లేదు. ఉన్న పోగును కొలిచి సరిగ్గా సగం దగ్గర వదులుగా ఒక ముడి గుర్తు పెట్టుకోండి. ముడి సూది దగ్గరికి రాగానే, అప్పటికి ఎన్ని కుట్లున్నా సరే, తగ్గించడం మొదలుపెట్టండి. ఏడెనిమిది పటాలు ఒక దారానికి గుచ్చితే గుమ్మానికి తోరణం అవుతుంది.

బొమ్మల కొలువుకు హరిదాసు

కొందరిళ్లలో దసరాకి, మన వైపు చాలా ఇళ్లలో సంక్రాంతికి కొలువు పెడతారు. మెట్ల మీద ఏటికొప్పాక లక్క బొమ్మలు నున్నగా మెరుస్తుంటే, పక్కన ఊలు బొమ్మ మెత్తగా, కాస్త బొద్దుగా భలే అమరుతుంది. వరాహ నది ఒడ్డున చేసే ఆ కొయ్య బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటిలో చిన్నవాటి పక్కన నప్పేలా మన హరిదాసును సుమారు 11 సెంటీమీటర్ల ఎత్తు చేద్దాం.

శరీరమంతా ఒకే ముక్క. 30 కుట్లు ఎక్కించి, కింద నుంచి పైకి రంగుల పట్టీలుగా అల్లుతూ పోవాలి. పంచెకు తెలుపు 16 వరసలు, పై వస్త్రానికి పసుపు 14 వరసలు, ముఖానికి గోధుమ రంగు 14 వరసలు, తలపాగాకు కాషాయం 10 వరసలు. అన్నీ సరి సంఖ్యలు ఎందుకంటే, అప్పుడు రంగు మార్పు ఎప్పుడూ ముక్కకు ఒకే వైపు పడుతుంది. గార్టర్‌లో ఆ వైపున రంగుల గీత తిన్నగా, వెనక వైపున చుక్కలు చుక్కలుగా వస్తుంది. తిన్నటి గీత ఉన్న వైపే బయటికి పెట్టుకోవాలి.

చివర కుట్లు మూయొద్దు. ఒక జానెడున్నర పోగు వదిలి కత్తిరించి, మొన మొద్దుగా, బెజ్జం పెద్దగా ఉన్న సూదికి ఎక్కించి, కుట్లన్నిటిలోంచీ దూర్చి గట్టిగా లాగండి. తలపైన మూతి బిగుస్తుంది. రెండు అంచులూ కలిపి వెనక పక్క కుట్టుకు రండి. ఏ పట్టీని ఆ రంగు కొసతోనే కుడితే కుట్టు కనబడదు.

ఇప్పుడు దూది. కొద్దికొద్దిగా విదిలించి, ముందు తలలో, తర్వాత ఒంట్లో కూరండి. ఒకేసారి గుప్పెడు కుక్కితే గడ్డలుగా నిలుస్తుంది. కొలువులో తిన్నగా నిలబడాలంటే, అడుగున దూది మధ్యలో కడిగి ఆరబెట్టిన చిన్న గులకరాయి పెట్టి, ఐస్‌క్రీం డబ్బా మూతలోంచి గుండ్రంగా కోసిన బిళ్ల అడ్డం పెట్టి, కింది అంచును చుట్టూ లాగి బిగించండి. ఈ రాయి కొలువు బొమ్మకే. చిన్నపిల్లలు ఆడుకునే బొమ్మలో వద్దు.

పసుపు పట్టీ చివరి వరసలో చుట్టూ రన్నింగ్ స్టిచ్ వేసి లాగితే మెడ వస్తుంది. గొట్టం కాస్తా అప్పుడే మనిషవుతుంది. చేతుల కోసం విడిగా ఏమీ అల్లనక్కర్లేదు. రెండు పక్కలా భుజం కింద నుంచి నడుము దాకా, దూదిని కూడా పట్టుకుంటూ ముందు నుంచి వెనక్కి కుట్లు వేసి కొంచెం లాగితే, ఒంటికి ఆనించుకున్న చేతుల్లా ఉబ్బుతాయి.

నెత్తిన అక్షయపాత్ర లేకపోతే హరిదాసు కాడు కదా. పసుపుతో 16 కుట్లు, 8 వరసలు అల్లి, అంచులు కలిపి కుట్టి, పైనా కిందా లాగి బిగిస్తే చిన్న గుండ్రటి చెంబు. కాస్త దూది కూరి తలపాగా మీద నాలుగు వైపులా కుట్టండి. మెడలో దండకు రెండు రంగుల పోగులు మెలిపెడితే సరి.

ముఖం దగ్గర తొందర పడకండి. తలపాగా గీత నుంచి ముఖంలో మూడో వంతు కిందికి, మధ్యలో 4 కుట్ల ఎడంతో రెండు గుండు పిన్నులు గుచ్చండి. బొమ్మను బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కి వెళ్లి చూడండి. ఒక కుట్టు దగ్గరికి జరిపితే కోపంగా, ఒక వరస పైకి జరిపితే పెద్దవాడిలా కనిపిస్తాడు. కళ్లు కిందికి, ఎడంగా ఉంటే పసితనం వస్తుంది. నచ్చిన చోట పిన్ను తీసి, నల్ల పోగుతో ఒకే చోట రెండు మూడు కుట్లు వేయండి. నుదుటి మీద మధ్యలో ఎర్ర కుట్టు, రెండు పక్కలా తెల్ల కుట్లు: నామాలు. నోటికి ఒక్క చిన్న కుట్టు, కొసలు పైకి. పని అయ్యాక పిన్నులు లెక్క చూసుకుని డబ్బాలో వేయండి.

ఇదే ముక్కలో రంగులు మారిస్తే పట్టు లంగా అమ్మాయి అవుతుంది, ఎర్ర టోపీ పెడితే క్రిస్మస్ తాత అవుతాడు. కుట్ల లెక్క మారదు.

సముద్రపు తాబేలు

విశాఖ పిల్లలకు నేనైతే ఈ బొమ్మే ఇస్తాను. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్లు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరానికి వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. అటవీ శాఖవాళ్లు ఆ గుడ్లు సేకరించి, బీచ్‌లోనే కంచె కట్టిన హేచరీల్లో కాపాడి, పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. బొమ్మ చేతిలో పెట్టి ఈ కథ చెబితే, బీచ్‌లో ప్లాస్టిక్ ఎందుకు పారేయకూడదో మళ్లీ విడిగా చెప్పక్కర్లేదు.

పెంకుకు ఆకుపచ్చ, పొట్టకు మీగడ రంగు, రెండు ముక్కలు. ఒక్కోదానికి 6 కుట్లతో మొదలుపెట్టి, గాలిపటంలాగే వరసకొకటి పెంచుతూ 18 దాకా వెళ్లండి. 8 వరసలు తిన్నగా అల్లి, మళ్లీ వరసకొకటి తగ్గిస్తూ 6కి వచ్చి మూసేయండి. ముందు రెక్కలు రెండు: 5 కుట్లు, 16 వరసలు. వెనకవి 5 కుట్లు, 8 వరసలు. ఈ తాబేలుకు ముందు రెక్కలే పొడుగు, వాటితోనే ఈదుతుంది, కాబట్టి ఈ తేడా వదలొద్దు. తలకు 10 కుట్లు, 10 వరసలు అల్లి, లాగి బిగించి దూది కూరండి.

పెంకుకూ పొట్టకూ మధ్య రెక్కలు, తల దూర్చి పిన్నులు పెట్టి, అంచు చుట్టూ కుట్టుకురండి. రెండు వేళ్లు పట్టే సందు మిగిలాక దూది కూరి మూసేయండి. దూది పొట్ట వైపు తక్కువ, వీపు వైపు ఎక్కువ ఉండాలి.

మూడేళ్లలోపు పిల్లలకు ఇచ్చేదైతే కళ్లకు బొత్తాలు, పూసలు వద్దు. ఊలుతోనే కుట్టండి. పొడుగు తాళ్లు వేలాడదీయొద్దు. ఇచ్చే ముందు ప్రతి రెక్కనూ గట్టిగా లాగి చూడండి.

క్రిస్మస్ చెట్టు, ఇంకా తుక్కు ముక్కలు

ఆకుపచ్చతో 20 కుట్లు. రెండు వరసల మొదట్లో ఒక్కో కుట్టు తగ్గించండి, తర్వాత రెండు వరసలు మామూలుగా. ఇలా 2 కుట్లు మిగిలేదాకా. ఇలాంటివి రెండు చేసి కలిపి కుట్టి, పలచగా కూరండి. అడుగున 5 కుట్ల గోధుమ రంగు పట్టీ కుడితే చెట్టు మాను అవుతుంది. బెత్తెడు కూడా లేని రంగు పోగులు ఉన్నాయే, అవన్నీ దీని మీద చుక్కలుగా కుట్టేయొచ్చు. అంతకంటే పొడుగువి ఉంటే రెండు వేళ్లకు చుట్టి, మధ్యలో కట్టి, అంచులు కత్తిరిస్తే పాంపాంలు.

ఉతకడం, దాచడం

మన దగ్గర దొరికే ఊలు ఎక్కువగా యాక్రిలిక్. ఇస్త్రీ పెట్టె తగిలిస్తే కరిగి సాగిపోతుంది, కాబట్టి వేడి చూపొద్దు. గోరువెచ్చని నీళ్లలో కాస్త షాంపూ వేసి పిండకుండా అదమండి. తువ్వాలులో చుట్టి నీళ్లు తీసేసి, గాలి ఆడే చోట నీడన ఆరబెట్టండి. వానాకాలంలో పైకి ఆరినట్టే ఉంటుంది గాని లోపల దూది తడిగానే ఉంటుంది. ఫ్యాన్ కింద ఇంకో రోజు ఉంచాకే డబ్బాలో పెట్టండి. హరిదాసును మాత్రం ఉతకొద్దు, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, ఎండిన వేపాకుతో పాటు పాత నూలు గుడ్డలో చుట్టి పెట్టండి.